రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందా?

38 ఏళ్ళ వయసులో గుర్రపుస్వారీ మొదలుపెట్టవచ్చా, ఇంగ్లిష్ పద్ధతి మంచిదా వెస్టర్న్ పద్ధతి మంచిదా, అసలు మనిషి గుర్రం మీద ఎక్కడమే దానికి హింస కాదా అని అడిగారు. మీరు చివర పెట్టిన ప్రశ్నే నాకు మొదటిది. దాని గురించే ఎక్కువ రాస్తాను.

మా తాతయ్య తెనాలి రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలేవారు. ఉలవలు ఉడుకుతున్న వాసనతో మా ఇంట్లో తెల్లవారేది. గుగ్గిళ్ళు గుర్రానికి, అవి ఉడికిన నీళ్ళతో కాచిన చారు మాకు. సాయంత్రం బండి విప్పగానే ఆయన తన కాళ్ళు కూడా కడుక్కోకుండా గుర్రం ఒంటి మీద అరచెయ్యి వేసి మెడ మొదలు నడుము దాకా మెల్లగా నిమిరేవారు. చూసేవాళ్ళకు ముద్దు చేస్తున్నట్టు ఉండేది. నిజానికి ఆయన వేడి కోసం వెతికేవారు. పట్టీ ఒరుసుకున్న చోట పుండు పడక ముందే చర్మం వేడెక్కుతుంది. ఆ చెయ్యి ఒకచోట ఆగిందంటే మర్నాడు బండి కదలదు, ఆ రోజు సంపాదన ఉండదు. నాయనమ్మ దానికి ఒక్క మాట కూడా అనేది కాదు.

కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో గుర్రాల విభాగమైన రిమౌంట్ అండ్ వెటర్నరీ దళంలో చేరి జీను మీద పద్ధతిగా కూర్చోవడం నేర్చుకున్నాను. ఉద్యోగం వేరేదైనా స్వారీ మానలేదు. లెక్క చూస్తే 40 ఏళ్ళు దాటింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రైవేటు స్వారీ బడికి వెళ్ళేవాణ్ణి. అక్కడ మోతి అనే గోధుమరంగు ఆడగుర్రాన్ని నాకు ఇచ్చారు. కుడివైపు చక్కగా తిరిగేది. ఎడమకు తిప్పగానే తల ఎగరేసి నిలబడిపోయేది. మా శిక్షకుడు దూరం నుంచి చూసి, మనందరికీ తెలిసిన సామెతే చెప్పాడు: "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది. బెత్తం తీసుకో." తీసుకున్నాను. మూడు వారాలు కొట్టాను. భయపడి తిరిగేది కూడా. దెబ్బ పనిచేస్తోందనే అనుకున్నాను.

ఒకరోజు పొద్దున అక్కడ గుర్రాలను చూసుకునే ముసలి సైసు నన్ను దాని తొట్టి దగ్గరికి తీసుకువెళ్ళాడు. తొట్టిలో సగం నమిలిన గడ్డి తడి ఉండలుగా రాలి ఉంది. "బాబూ, ఇది తినలేకపోతోంది" అన్నాడు. పశువైద్యుడిని పిలిపించాం. ఆయన నోరు తెరిచి పట్టే ఇనప చట్రం బిగించి, దీపం వేసి, నన్ను లోపలికి చూడమన్నారు. ఎడమ బుగ్గ లోపలివైపు మేకుతో గీరినట్టు పొడవాటి పుండు. గుర్రం పళ్ళు జీవితమంతా ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున బయటికి వస్తూనే ఉంటాయి. పై దవడ పళ్ళు బయటి అంచున, కింది దవడవి లోపలి అంచున కత్తిలా పదునెక్కుతాయి. ఎడమ పగ్గం లాగినప్పుడల్లా ఆ బుగ్గ పన్నుకు ఒత్తుకునేది. అంటే నేను చెయ్యి కదిపిన ప్రతిసారీ పుండు మీద కోస్తున్నాను, అది తల ఎగరేస్తే పైనుంచి బెత్తంతో కొడుతున్నాను.

ఆయన పొడవాటి ఆకురాయితో ఆ అంచులు అరగదీశారు. పుండు మానేదాకా కళ్ళెం వేయలేదు. తరవాత మొదటిసారి ఎక్కినప్పుడు నేనింకా పగ్గం అందుకోక ముందే, ఎడమవైపు చూసినందుకే, మోతి ఎడమకు తిరిగింది. నా నడుము తిరిగిన పాటి కదలికే దానికి చాలింది. ఆ మూడు వారాలు తలచుకుంటే ఇప్పటికీ నా మనసు బాగుండదు.

మూడు కాళ్ళ మీద నడిచే గుర్రాన్ని కూడా నేను కళ్ళారా చూశాను. వానాకాలం, బురద. రాత్రి బాగున్న గుర్రం పొద్దునకు ముందుకాలు నేల మోపకుండా నిలబడింది. ఎముక విరిగిందని అందరూ భయపడ్డారు. నాడాలు కొట్టే పెద్దాయన వచ్చి, గిట్ట చుట్టూ పటకారుతో కొద్దికొద్దిగా నొక్కుకుంటూ వెళ్ళాడు. ఒకచోట గుర్రం కాలు లాక్కుంది. అక్కడ అరికాలు సన్నగా చెక్కితే నల్లటి చీము, భరించలేని వాసనతో బొట్లు బొట్లుగా కారింది. వేడి ఉప్పునీళ్ళలో కాలు పెట్టించి కట్టు కట్టారు. మర్నాటికి నాలుగు కాళ్ళ మీద నడిచింది. ఆ సామెత పుట్టించినవారు ఏ గుర్రాన్ని చూశారో గాని, నేను చూసిన ప్రతి మూడు కాళ్ళ గుర్రానికీ నాలుగో కాలిలో నొప్పి ఉంది. "రౌతు కొద్దీ గుర్రం" అనే సామెత కూడా మనకే ఉంది. నేను దాన్నే నమ్ముతాను.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. మందలో కుంటుతున్నట్టు కనిపించినదాన్నే పులి ఎంచుకుంటుంది. అందుకే అది నొప్పిని చివరిదాకా దాస్తుంది. కుక్కలా కుయ్యిమనదు. చెవులు వెనక్కి బిగించడం, కంటి పైన ముడత పడడం, ముక్కుపుటాలు బిగుసుకోవడం, తోక అదేపనిగా విదిలించడం, ఇంతే దాని భాష. స్యూ డైసన్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు స్వారీలో ఉన్న గుర్రాలను గమనించి ఇలాంటి 24 లక్షణాలను గుర్తించారు. వాటిలో ఎనిమిదో, అంతకన్నా ఎక్కువో కనిపిస్తే ఆ గుర్రానికి ఎక్కడో నొప్పి ఉండే అవకాశం చాలా ఎక్కువని తేల్చారు. వాటిలో చాలావాటిని మన స్వారీ బడుల్లో "పొగరు" అనే ఒక్క మాటతో తీసిపారేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో జరిగింది మీరూ చూసి ఉంటారు. అప్పట్లో స్వారీ కూడా ఒక భాగంగా ఉన్న ఐదు పోటీల క్రీడ మోడర్న్ పెంటాథ్లాన్‌లో క్రీడాకారులకు చీటీ తీసి గుర్రాన్ని ఇచ్చేవారు. పరిచయానికి 20 నిమిషాలు. సెయింట్ బాయ్ అనే గుర్రం అంతకు ముందే ఒకరి దగ్గర మొరాయించింది. తరవాత అదే గుర్రం ఆధిక్యంలో ఉన్న జర్మనీ అమ్మాయికి వచ్చింది. ఆ అమ్మాయి ఏడుస్తూ బెత్తం ఝళిపించింది, ఆమె శిక్షకురాలు గుర్రాన్ని పిడికిలితో గుద్దింది. ఆ శిక్షకురాలిని పోటీల నుంచి తప్పించారు. పారిస్ ఒలింపిక్స్ తరవాత ఆ క్రీడలోంచి స్వారీనే తీసేశారు. ఆ గుర్రం మొండితనం గురించి కొందరు మాట్లాడుకుంటుంటే నాకు మోతి గుర్తొచ్చింది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. బరువు మించకుండా, జీను వీపుకు సరిపోయేట్టు ఉండి, నొప్పి లేని గుర్రాన్ని మెత్తని చేతితో నడిపిస్తే స్వారీ హింస కాదు. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినా హింసే. మనల్ని మోస్తానని అది ఒప్పుకోలేదు కదా, ఆ నాలుగూ చూసుకోవలసిన బాధ్యత పూర్తిగా ఎక్కేవాడిదే.

ఇక పద్ధతులు. ఇంగ్లిష్ స్వారీలో జీను పలచగా ఉంటుంది, రెండు చేతుల్లో పగ్గాలు, గుర్రం నోటితో ఎప్పుడూ ఒక సన్నని సంబంధం ఉంటుంది. వెస్టర్న్ స్వారీ స్పెయిన్ పశువుల కాపరుల నుంచి మెక్సికో మీదుగా అమెరికాకు వెళ్ళింది. రోజంతా మంద వెంట తిరగాలి కాబట్టి బరువును ఎక్కువ మేర పరిచే పెద్ద జీను, తాడు చుట్టడానికి ముందు కొమ్ము, ఒంటి చేతిలో వదులు పగ్గాలు. మెడకు పగ్గం తాకిస్తే గుర్రం తిరుగుతుంది. చూడడానికి వెస్టర్న్ మెత్తగా కనిపిస్తుంది. అయితే అందులో వాడే పొడవాటి కొసలున్న కళ్ళెం తులాదండంలా పనిచేస్తుంది. వదులుగా ఉన్నంతసేపూ హాయి, కంగారుపడి ఒక్కసారి లాగితే వేసిన బలం దవడ మీద కొన్ని రెట్లై పడుతుంది. కళ్ళెంలో నోట్లో పెట్టే ఇనప కడ్డీ ఉండేది ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని చోట. అక్కడ ఎముక మీద పలచని చర్మం తప్ప ఏమీ ఉండదు. అందుకని కొత్తవాళ్ళకు నేను ఇంగ్లిష్ జీను, మామూలు నున్నటి కళ్ళెం చెబుతాను. మొదటి నెలంతా పగ్గాలు మీ చేతికి ఇవ్వకుండా శిక్షకుడే పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతూ మీకు కూర్చోవడం నేర్పితే ఇంకా మంచిది. కూర్చోవడం రానివారు పగ్గాలు పట్టుకుని వేలాడతారు, ఆ బరువంతా దాని నోటి మీదే.

పద్ధతి అంటే ఎలా ఉండాలో చెప్పడానికి నాకు ఇటలీ అశ్వికదళ అధికారి ఫెదెరికో కప్రిల్లీ గుర్తొస్తాడు. 1868లో పుట్టి 1907లోనే చనిపోయాడు. ఆయన కాలం దాకా అడ్డంకి దూకేటప్పుడు రౌతు వెనక్కి వాలి పగ్గాలు బిగించేవాడు. గుర్రం దూకి దిగేసరికి వీపు మీద దెబ్బ, నోట్లో దెబ్బ. కప్రిల్లీ మాత్రం జీను లేని గుర్రం ఎలా దూకుతుందో గమనించాడు. మెడ చాపి, వీపు గుండ్రంగా చేసి దూకుతోంది. అయితే మనిషే ముందుకు వంగి, పిరుదులు జీను నుంచి లేపి, చేతులు ముందుకు వదిలితే సరి అన్నాడు. పైవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ఈ రోజు ప్రపంచంలో అడ్డంకులు దూకే ప్రతి రౌతూ ఆయన చెప్పినట్టే వంగుతున్నాడు.

మన దేశానికీ గొప్ప గుర్రాలున్నాయి. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల చెవి కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతాయి. రేవాల్ అనే వాటి నడకలో నీళ్ళ గ్లాసు పట్టుకున్నా తొణకదంటారు. అలాంటి గుర్రాలనే మన పెళ్ళి ఊరేగింపుల్లో, అర్ధరాత్రి, టపాకాయల మధ్య, తారురోడ్డు మీద నిలబెడతాం. కొన్నింటి నోట్లో ముళ్ళ కళ్ళెం ఉంటుంది. ముళ్ళున్న కళ్ళేన్ని 1965 నాటి కేంద్ర నిబంధనలే నిషేధించాయి. మీ ఇంట్లో ఎవరి పెళ్ళికైనా గుర్రాన్ని మాట్లాడితే, అడ్వాన్సు ఇచ్చే ముందు దాని కళ్ళెం విప్పించి చేత్తో తడిమి చూడండి.

బడి ఎంచుకోవడం గురించి. మీ బరువు అడగని చోట నేర్చుకోకండి. జీనుతో కలిపి మనిషి బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు, కొత్తవారికి అంతకన్నా తక్కువే మేలు. 400 కిలోల గుర్రానికి 80 కిలోలు గరిష్ఠం అన్నమాట. గుర్రాలకు గడ్డి ఎంతసేపు అందుబాటులో ఉంటుందో అడగండి. బయట స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజుకు 16 గంటల దాకా మేస్తుంది. దాని పొట్టలో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. రెండు పూటలా దాణా కుమ్మరించి మధ్యలో ఖాళీ కడుపుతో కట్టేస్తే కడుపులో పుళ్ళు, కడుపునొప్పి. గుర్రానికి వాంతి కాదు కాబట్టి ఆ కడుపునొప్పితో ప్రాణమే పోవచ్చు. ఎండాకాలంలో ఎన్నింటికి స్వారీ ఆపేస్తారో కూడా కనుక్కోండి. మే నెలలో మధ్యాహ్నం పాఠాలు పెట్టే బడి అయితే వెనక్కి తిరిగి వచ్చేయండి.

హైదరాబాదు చుట్టుపక్కల బడుల్లో మీకు ఇచ్చే గుర్రం ఒకప్పుడు పందేల్లో పరుగెత్తినది కావచ్చు. వాటిని రెండేళ్ళ వయసుకే పందేలకు దించుతారు. వెన్నెముక పూర్తిగా గట్టిపడడానికి మాత్రం ఐదారేళ్ళు పడుతుంది. అందుకే చాలావాటికి నడుము నొప్పి ఉంటుంది. ఇంకొకటి, బిగించిన పగ్గానికి ఆనుకుని పరుగెత్తడం వాటికి చిన్నప్పటి అలవాటు. మీరు భయపడి లాగిన కొద్దీ దౌడు పెంచుతాయి. అలాంటప్పుడు ఊపిరి వదిలి, బరువు జీనులోకి దించి, ఒక పగ్గం కొద్దిగా పట్టి వదులుతూ పెద్ద వలయంలో తిప్పండి. ఇది చదివి నేర్చుకునేది కాదు, ముందు మెల్లగా నడిచే గుర్రం మీద వందసార్లు చేయాలి.

38 ఏళ్ళు ఆలస్యమేమీ కాదు. 50 దాటాక మొదలుపెట్టి చక్కగా కూర్చునేవారు నాకు తెలుసు. మొదటి రెండు వారాలు తొడలు పట్టేస్తాయి, మెట్లు దిగడం కష్టంగా ఉంటుంది, అంతే.

మొదటి రోజు మాత్రం ఎక్కకండి. గుర్రానికి సరిగ్గా ముందు, సరిగ్గా వెనక కొంత మేర కనిపించదు, కాబట్టి పక్కనుంచి మాట్లాడుతూ భుజం దగ్గరికి వెళ్ళండి. మెడ, వీపు కలిసే ఎత్తైన చోట జూలు కింద వేళ్ళతో గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే, అక్కడ గోకితే వాటి గుండె వేగం తగ్గుతుంది. తరవాత అరచెయ్యి మొత్తం ఆనించి వీపు మీదుగా నడుము దాకా మెల్లగా తీసుకువెళ్ళండి. ఎక్కడైనా వేడిగా తగిలినా, చర్మం అదిరినా, అది మీకు దూరంగా కుంగినా చెయ్యి ఆపి ఆ చోటు గుర్తుపెట్టుకోండి. అప్పుడు చెవులు ఎటు తిరిగాయో చూసి నాకు రాయండి.