వానలో వైపర్ కోసం తెరను వెతకాలా?

విశాఖపట్నం పాఠకుల వాహన సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: ఈ మధ్య మేము కొన్న కారులో ఏసీ, గాలి వీచే దిశ, అద్దం మీది ఆవిరిని పోగొట్టే డీఫాగర్ అన్నీ డాష్‌బోర్డు మధ్యనున్న టచ్‌స్క్రీన్‌లోనే ఉన్నాయి. ఋషికొండలో ఉద్యోగం ముగించుకుని బీచ్ రోడ్డు మీదుగా వస్తుండగా పెద్ద వాన పట్టుకుని, ముందు అద్దమంతా మసకబారింది. తెరలో డీఫాగర్ గుర్తు ఎక్కడుందో వెతుక్కుంటూ తలెత్తేసరికి ముందు ఆటో ఆగి ఉంది. మూరెడు దూరంలో బ్రేకు పడింది. పాత కారుతో ఇలా ఎప్పుడూ జరగలేదు. లోపం నా అలవాటులో ఉందా, కారులో ఉందా?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: లోపం మీలో లేదమ్మా. పాత కారులోని గుండ్రటి నాబ్‌ను మీ చెయ్యి చూడకుండానే తడిమి పట్టుకునేది, ఎంత తిప్పారో వేళ్లకే తెలిసేది. నున్నటి గాజు మీద వేలికి ఏ ఆనవాలూ దొరకదు కాబట్టి గుర్తు ఎక్కడుందో, వేలు దాని మీదే పడిందో లేదో, పని జరిగిందో లేదో ప్రతిసారీ కంటితోనే చూసుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు రెండు సెకన్లలో 33 మీటర్లు దాటిపోతుంది. స్వీడన్‌లోని ఒక కార్ల పత్రిక 2022లో పదకొండు కొత్త కార్లను, బటన్లున్న 2005 నాటి వోల్వోను గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించి, రేడియో పెట్టడం, డీఫ్రాస్టర్ వేయడం వంటి మామూలు పనులు చేయించింది. డ్రైవర్లకు కార్లను అలవాటు చేసుకునే వ్యవధి ముందే ఇచ్చారు. అయినా పాత వోల్వోలో ఆ పనులన్నీ పది సెకన్లలో, 306 మీటర్ల ప్రయాణంలో పూర్తయితే, చివర నిలిచిన కొత్త కారులో 44.9 సెకన్లు పట్టి, బండి 1,372 మీటర్లు వెళ్లిపోయింది.

మన ఊరి వాతావరణం ఈ ఇబ్బందిని ఇంకా పెంచుతుంది. ఈ తెరలు వేలి స్పర్శను విద్యుత్ క్షేత్రంలో వచ్చే చిన్న మార్పును బట్టి గుర్తిస్తాయి. నీరు కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి తడి వేలితోనో, చెమట పట్టిన చేతితోనో తాకితే తెర ఒక్కోసారి పొరబడుతుంది. ఉదయం వేళ సముద్రం వైపు నుంచి ఎండ సూటిగా తెర మీద పడినప్పుడు గుర్తులు కనబడడమే కష్టం.

జర్మనీలో ఒక డ్రైవరు జోరు వానలో టెస్లా కారు వైపర్ల వేగాన్ని తెర మీద మార్చబోయి రోడ్డు దిగి చెట్లను ఢీకొన్నాడు. కార్ల్స్‌రూహె ఉన్నత న్యాయస్థానం 2020లో, ఆ తెర కూడా డ్రైవరు దృష్టి మళ్లించే ఎలక్ట్రానిక్ పరికరమే అవుతుందని చెప్పి, 200 యూరోల జరిమానాను, నెల రోజుల డ్రైవింగ్ నిషేధాన్ని ఖాయం చేసింది. శిక్ష డ్రైవరుకు పడింది గానీ వైపర్‌ను తెరలోకి నెట్టిన వారికి పడలేదు. ఇది నాకు న్యాయమనిపించదు.

ఇక మీరు చేయగలిగింది చెబుతాను. వానలో అద్దం మసకబారితే ముందుగా ఒకసారి వైపర్ ఆడించి చూడండి. మసక పోతే అది బయటి ఆవిరి: ఉక్కపోతలో ఏసీ చల్లగాలి అద్దానికి తగిలి అది బాగా చల్లబడినప్పుడు బయటి తేమ దాని మీద చేరుతుంది. అప్పుడు గాలిని అద్దం వైపు నుంచి మళ్లించి, చల్లదనం తగ్గించాలి. వైపర్ ఆడించినా మసక పోకపోతే అది లోపలి ఆవిరి. ఏసీ వేసి గాలిని అద్దం మీదికే పెట్టి, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్‌ను ఆపి బయటి గాలిని రానివ్వాలి. రెండింటికీ చేయాల్సిన పనులు ఒకదానికొకటి విరుద్ధం కావడం వల్లనే తెరలో వెతుకులాట మరీ ప్రమాదకరమవుతుంది. వాన సూచన కనిపించగానే, బండి కదలకముందే ఏసీ అమరిక చూసుకోండి. స్టీరింగ్ మీది బటన్‌కో, తెర మొదటి పేజీకో డీఫాగర్‌ను జోడించుకునే వీలు మీ కారులో ఉందేమో సర్వీస్ సెంటరులో అడగండి. చూపు ఆనకపోతే ఎడమ పక్కకు తీసి ఆపండి. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు, ముఖ్యంగా శీతకాలపు మంచులో, ఈ జాగ్రత్త తప్పనిసరి.

ప్రశ్న: నౌకాదళ డాక్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాను. అమెరికా యుద్ధనౌకల్లో టచ్‌స్క్రీన్‌లు తీసేశారని విన్నాను, నిజమేనా?
– ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: అన్నీ తీయలేదండీ, నౌక వేగాన్ని నియంత్రించే చోట మాత్రం మీటలకే తిరిగి వెళ్తామని 2019లో ప్రకటించారు. 2017 ఆగస్టు 21న జాన్ ఎస్. మెకెయిన్ అనే డెస్ట్రాయర్ సింగపూర్ దగ్గర ఒక ట్యాంకరును ఢీకొని పదిమంది నావికులు చనిపోయారు. నియంత్రణను ఒక స్థానం నుంచి మరో స్థానానికి తెర మీద మారుస్తుండగా స్టీరింగ్ కూడా చేయి మారిపోయింది. రెండు ప్రొపెల్లర్ల వేగమూ కలిసి తగ్గవలసింది ఒకదానిదే తగ్గి నౌక పక్కకు తిరిగింది. స్టీరింగ్ పనిచేయడం లేదని సిబ్బంది భ్రమపడ్డారు. శిక్షణ లోపంతో పాటు తెర రూపకల్పన కూడా పొరపాటుకు దారితీసిందని దర్యాప్తులో తేలింది. పక్కపక్కన ఉన్న రెండు మీటలైతే ఒకటి ముందు, ఒకటి వెనుక ఉన్నట్టు చీకట్లో కూడా చేతికి తెలిసేదని, ఇలాంటి పరికరాల నడుమ పనిచేసిన మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రశ్న: బటన్లు అరిగిపోతాయి, తెరకు ఆ బాధ లేదు, అప్‌డేట్‌తో అన్నీ సరిచేయవచ్చు అని మా అబ్బాయి పెద్ద తెర ఉన్న కారే కొందామంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తెరలూ అరుగుతాయి. మెమరీ చిప్ అరిగిపోయి తెర ఆరిపోతోందని 2021లో టెస్లా దాదాపు 1,35,000 కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. వాటిలో తెరతో పాటే వెనుక కెమెరా, అద్దం ఆవిరి పోగొట్టే నియంత్రణ కూడా పోయాయి. ఒక బటన్ చెడితే ఒక పని ఆగుతుంది, తెర చెడితే చాలా పనులు కలిసి ఆగుతాయి. మ్యాపులకు, పాటలకు, వెనుక కెమెరాకు తెర చక్కటి సాధనమే, ఆ మాటలో మీ అబ్బాయితో నాకు పేచీ లేదు. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్ అనే ఐదింటికీ చేతికందే విడి మీటలు లేకపోతే 2026 నుంచి యూరో ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో పూర్తి మార్కులు రావు. మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఈ విషయాన్ని పట్టించుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మీరు ఆ ఐదింటికి ఏసీ వేగాన్ని, డీఫాగర్‌ను కూడా చేర్చుకుని చూడండి. షోరూంలో ఆగి ఉన్న కారులో డ్రైవరు సీట్లో కూర్చుని, చూపు ముందు అద్దం మీదే ఉంచి, వాటిని ఒక్కొక్కటిగా వేయండి. మీరే కాదు, కారు నడపబోయే ఇంట్లోవాళ్లందరూ ఈ పని చేయాలి. చూడకుండా రెండు మూడు చేయలేకపోతే ఆ మోడల్ వదిలేసి, అదే ధరలో నాబ్‌లున్న మరొకటి చూపించమనండి. టెస్ట్ డ్రైవ్‌లలో ఒకటి చీకటి పడ్డాక పెట్టుకుంటే, తెర వెలుగు కళ్లలో పడుతోందో లేదో, దాన్ని తగ్గించడానికి ఎన్ని పేజీలు తిప్పాలో కూడా తెలుస్తుంది.