టెక్ సందేహాలు: పెద్ద కాయిల్ వేస్తే బంగారం ఎక్కువ దొరుకుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి పెర్త్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మైనర్స్ రైట్ అనుమతి తీసుకుని, సెలవులొస్తే స్నేహితులతో కల్గూర్లీ వైపు బంగారు నగ్గెట్లు వెతకడానికి వెళ్తుంటాడు. మైన్‌ల్యాబ్ జీపీఎక్స్ 6000 అనే మెటల్ డిటెక్టర్ కొన్నాడు. దాంతోపాటు రెండు కాయిళ్లు (నేల మీద ఊపే తీగచుట్ట పళ్లేలు) వచ్చాయి: 11 అంగుళాల మోనో (సిగ్నల్ పంపేదీ అందుకునేదీ ఒకే చుట్ట), 14 అంగుళాల డీడీ (ఆ రెండు పనులకూ వేర్వేరు చుట్టలు). ఇప్పుడు 17 అంగుళాల కాయిల్ కూడా ఉంటే ఇంకా లోతుకు పోతుందంటున్నాడు. డబ్బు పంపమంటారా? (ఎల్బీనగర్)

జవాబు: ఇప్పుడే వద్దండీ. ఆ చోట ఏ సైజు ముక్కలు దొరుకుతున్నాయో చూసి కాయిల్ ఎంచుకోవాలి. లోతు సంగతి ఆ తర్వాత.

కరెంటు, చుట్లు అవే ఉంచి కాయిల్ వెడల్పు రెట్టింపు చేశామనుకుందాం. కాయిల్‌కు బాగా దగ్గర్లో ఉన్న చిన్న ముక్క ఇచ్చే సిగ్నల్ నాలుగో వంతుకు పడిపోతుంది. చాలా లోతులో ఉన్న ముక్క సిగ్నల్ 16 రెట్లు పెరుగుతుంది. సిగ్నల్ 16 రెట్లంటే లోతు కూడా ఆ లెక్కనే పెరుగుతుందని చాలామంది భ్రమపడతారు. పెరగదు. సిగ్నల్ కాయిల్ నుంచి ముక్క దాకా పోవాలి, మళ్లీ వెనక్కి రావాలి. పోయేటప్పుడు దూరం ఘనంలో, వచ్చేటప్పుడు మళ్లీ ఘనంలో తగ్గుతుంది. మొత్తం ఆరో ఘాతం. దూరం రెట్టింపైతే మిగిలేది 64వ వంతు. అందుకే ఆ 16 రెట్లూ కలిసి తెచ్చే లోతు, కాగితం మీద కూడా, ఒకటిన్నర రెట్లకు కాస్త పైన మాత్రమే.

మీ అబ్బాయి అడుగుతున్నది రెట్టింపు కూడా కాదు. ఆ 17 అంగుళాల కాయిల్ గుండ్రంగా ఉండదు, 17×13 కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని 15 అంగుళాల గుండ్రటి కాయిల్‌గా తీసుకుని లెక్కేస్తే, 11 అంగుళాలతో 40 సెంటీమీటర్ల దగ్గర వినబడే ముక్క దీంతో 48 దాకా వినబడాలి. అదే సమయంలో 5 సెంటీమీటర్ల లోతులో ఉన్న చిన్న ముక్క సిగ్నల్ మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ఆ 8 సెంటీమీటర్లు కూడా పూర్తిగా దక్కవు. పెద్ద కాయిల్ కిందికి ఎక్కువ మట్టి వస్తుంది, ఆ మట్టిలోని ఇనుము కూడా సిగ్నల్ ఇస్తుంది. కల్గూర్లీ చుట్టుపక్కల ఎర్రమట్టి, ఇనుప రాళ్లు ఎక్కువ. ఇక్కడ వికారాబాద్ వైపు జేగురు రంగు లాటరైట్ నేల చూసినవాళ్లకు ఆ రంగు అర్థమవుతుంది. అలాంటి నేల మీద పెద్ద కాయిల్ గొణుగుతూనే ఉంటుంది. సెన్సిటివిటీ తగ్గించక తప్పదు. తగ్గించగానే కొన్న లోతు కొంత చేజారిపోతుంది.

ఇంకో సంగతి. అక్కడ నేలంతా పొదలు, ఎండుకొమ్మలు, రాళ్లు. పెద్ద కాయిల్ వాటి మధ్య దూరదు. పొద మీదుగా 6 సెంటీమీటర్లు ఎత్తి ఊపితే పెద్ద కాయిల్ ఇచ్చే అదనపు లోతు దాదాపు అక్కడే పోయింది. చిన్నది పొదల సందుల్లో నేలకు ఆనించి ఊపొచ్చు.

కాబట్టి ప్రస్తుతానికి 11 అంగుళాల మోనోతోనే తిరగమనండి. కొత్త చోట వెతకడానికి అది చాలు. కరెంటు తీగలు దగ్గరున్నచోట, ఉప్పునేలల్లో మోనో గోల చేస్తే 14 అంగుళాల డీడీ బిగించుకోవాలి, అది పెట్టెలోనే వచ్చింది. డబ్బు పెట్టాలనుకుంటే ముందు చిన్న కాయిల్ కొనడం మంచిది. ఈ మోడల్‌కు వేరే కంపెనీలవి 10×5 అంగుళాల కాయిళ్లు దొరుకుతాయి. ఇప్పటికే ముక్కలు దొరికిన చోట, వాగు అంచు రాతి సందుల్లో, అర గ్రాములోపు బంగారం కోసం అది బాగా పనికొస్తుంది. 17 అంగుళాలది ఎప్పుడంటే: అర తులం, తులం ముక్కలు దొరికినట్టు రుజువున్న చోటు, చదునైన నేల, పొదలు తక్కువ, పై పొర అప్పటికే చిన్న కాయిల్‌తో జల్లెడ పట్టి ఉండాలి. అప్పుడు అది నిజంగా అవసరం. బరువు కూడా గుర్తుంచుకోండి. బరువు మోసే బంజీ పట్టీ (సాగే పట్టీ) భుజానికి తగిలించుకోకుండా రోజంతా ఊపితే మర్నాడు మోచెయ్యి లేవదు.

కొనేముందు ఒక పరీక్ష చేయమనండి. ఎయిర్‌గన్ సీసపు పెల్లెట్ ఒకటి సుమారు అర గ్రాము ఉంటుంది. చిన్న బంగారు ముక్కకు సీసం మంచి ప్రత్యామ్నాయం. దాన్ని ప్లాస్టిక్ కార్డుకు టేపుతో అంటించి, వెతకబోయే నేలలోనే 5, 10, 15 సెంటీమీటర్ల లోతుల్లో పాతి, స్నేహితుల కాయిళ్లతో పోల్చి చూడాలి. గాలిలో ఊపి చూస్తే లాభం లేదు, నేల చేసే గోల అక్కడ వినబడదు.

కాయిల్ మార్చేటప్పుడు డిటెక్టర్ ఆపాకే కనెక్టర్ తీయాలి. బిగించాక నాయిస్ క్యాన్సిల్ (చుట్టుపక్కల విద్యుత్ గోలను తప్పించే సెట్టింగ్) మళ్లీ చేయాలి. కాయిల్‌ను నేల మీద ఒక అడుగు ఎత్తు నుంచి కిందికీ పైకీ ఆడించి, గొణుగుడు సద్దుమణిగేదాకా నేలకు అలవాటు చేయాలి. కేబుల్ షాఫ్ట్ (డిటెక్టర్ కర్ర) బయట చుట్టే మోడళ్లలో అది వదులుగా ఊగితే లేని సిగ్నల్ వస్తుంది. బిగువుగా చుట్టి, వెల్క్రో పట్టీ వేయాలి. కాయిల్ అడుగున తొడిగే ప్లాస్టిక్ మూతలో ఎర్రమట్టి చేరినా అంతే. రోజుకోసారి విప్పి దులపాలి. ఊపు నెమ్మదిగా, ఒక వైపు నుంచి ఇంకో వైపుకు 3 నుంచి 4 సెకన్లు. ప్రతి ఊపూ వెనకటి దానిమీద సగం పడాలి.

ప్రశ్న: పాత జీపీఎక్స్ 5000 కాయిళ్లు చవగ్గా వస్తున్నాయి. 6000కు తగిలించవచ్చా? (కూకట్‌పల్లి)

జవాబు: కుదరదు. 4000 నుంచి 5000 దాకా ఉన్న పాత జీపీఎక్స్ మోడళ్లలో ఒకదాని కాయిల్ ఇంకోదానికి చాలావరకు పనికొస్తుంది. 6000 కాయిళ్లు వేరు. కనెక్టర్ మార్చి అతికిస్తామనే మెకానిక్ మాట వినకండి, డిటెక్టర్ పాడవుతుంది.

ప్రశ్న: మణికొండలో మా ఇంటి లాన్‌లో నల్లపూసల గొలుసు పడిపోయింది. కోఠి గుజరాతీ గల్లీలో డిటెక్టర్లు అమ్ముతున్నారు. ఏ కాయిల్ తీసుకోవాలి?

జవాబు: మీకు చిన్న కాయిల్, 5 లేదా 6 అంగుళాలది. కానీ ముందే ఒక మాట. ఉంగరం, గాజు పూర్తి చుట్టు కాబట్టి గట్టిగా మోగుతాయి. సన్న గొలుసు అలా కాదు. డిటెక్టర్‌కు అది ఒక్క వస్తువుగా కనబడదు, ఒక్కో లంకెను విడివిడిగా చూస్తుంది. పూసలు గాజువి, వాటి నుంచి సిగ్నలే రాదు. మీకు దొరికేది తాళికి పెట్టిన లాకెట్టో, కొక్కెమో మాత్రమే. అందుకే ఇంట్లో మీ దగ్గరున్న అలాంటి ఇంకో గొలుసు లాన్ మీద పెట్టి ముందు పరీక్షించండి. అది మోగకపోతే ఆ డిటెక్టర్ కొనకండి, అద్దెకు కూడా తీసుకోకండి.

డిస్క్రిమినేషన్ (పనికిరాని లోహాలను వదిలేసే సెట్టింగ్) పూర్తిగా ఆపేయండి. సన్న బంగారం, టాబ్లెట్ రేకు ఒకేలా మోగుతాయి. రేకును తోసిపుచ్చితే గొలుసూ పోతుంది. మన దగ్గర ఇల్లు కట్టిన స్థలంలో లాన్ కింద బైండింగ్ వైరు ముక్కలు, సెంట్రింగ్ మేకులు బోలెడు. చిన్న కాయిల్ వేయమన్నది ప్రధానంగా ఇందుకే. 11 అంగుళాల కాయిల్ కింద ఒకేసారి నాలుగు మేకులు పడతాయి, మధ్యలో ఉన్న లాకెట్టు మాట వినబడదు. లాన్‌ను దారం కట్టి అడుగున్నర వరసలుగా విడగొట్టి, ప్రతి వరసా రెండుసార్లు, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చూడండి. మోగినచోట గునపం వద్దు, ప్లాస్టిక్ గరిటెతో తవ్వి, మట్టి సగం సగం చేసి కాయిల్ మీదుగా పోనివ్వండి. గోడకు అడుగు లోపల మాత్రం వెతక్కండి, పునాది ఇనుము మోగుతూనే ఉంటుంది.

ప్రశ్న: జొన్నగిరి వైపు వానాకాలంలో వజ్రాల వేటకు వెళ్తాం. 50 అడుగుల లోతులో బంగారం, వజ్రాలు చూపిస్తుందంటూ ఒక యంత్రం అమ్ముతున్నారు. కొనవచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: వద్దు. డిటెక్టర్‌కు విద్యుత్తు పారే వస్తువో, ఇనుప రాయిలా అయస్కాంత గుణమున్నదో మాత్రమే కనబడుతుంది. వజ్రం ఈ రెండూ కాదు, ఏ కాయిల్‌తోనూ మోగదు. నగ్గెట్ సైజు బంగారాన్ని 50 అడుగుల నుంచి చూపే చేతి పరికరం లేదు. పైన చెప్పిన ఆరో ఘాతం లెక్క వేసి చూడండి. 1 అడుగు దగ్గర ఉన్న సిగ్నల్ 50 అడుగుల దగ్గర సుమారు 1,500 కోట్లలో ఒక వంతుకు పడిపోతుంది. ఆ చుట్టుపక్కల బంగారం ఉన్నమాట నిజమే. కానీ గనిలో తవ్వేది రాతిలో టన్నుకు కొన్ని గ్రాముల చొప్పున కలిసిపోయిన సన్నటి రేణువుల రూపంలో ఉంటుంది. దాన్ని గనిలో తవ్వి, పిండిచేసి, రసాయనాలతో తీస్తారు. డిటెక్టర్ అక్కడ మూగది.

చట్టం కూడా తెలుసుకోండి. మన దేశంలో ఖనిజం కోసం వెతకాలంటే 1957 ఖనిజాల చట్టం కింద లైసెన్సు కావాలి. భూమిలో దాచిన నిధి పది రూపాయలకు మించిన విలువది దొరికితే 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. కోటలు, పాత గుళ్ల దగ్గర తవ్వితే పురావస్తు చట్టం కింద కేసు తప్పదు. జొన్నగిరి చేలల్లో రైతును అడిగి, గట్టి వాన తర్వాత మట్టి కడుక్కుపోయినచోట ఎండ ఏటవాలుగా పడే పొద్దుటిపూట వంగి నేలను చూడటమే పద్ధతి. దానికి కాయిల్ అక్కర్లేదు, ఎండకు టోపీ, నీళ్ల సీసా ఉంటే చాలు.