చిన్నీ, ముందు జిప్పు సంగతి తేల్చు

చిన్నీ,

మీ అమ్మ నిన్న రాత్రి పదిన్నరకి ఫోన్ చేసింది. నా వయసులో ఆ టైమ్‌లో ఫోన్ మోగితే ఎవరో పోయారనే అనుకుంటాం. తీరా ఎత్తితే, "పెద్దనాన్నా, అది ఉద్యోగం మానేసి మియాపూర్‌లో రేకుల షెడ్డు అద్దెకి తీసుకుందట, సినిమాలకీ యాడ్‌లకీ జంతువులూ రాక్షసులూ చేస్తుందట, నువ్వే చెప్పాలి దానికి" అని ఒకటే గోల. చెప్తాలే అని పెట్టేశాను. తర్వాత రెండింటిదాకా నిద్ర పట్టలేదు. భయం వేసింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ మధ్యలోనే మీ పెద్దమ్మమ్మని లేపి "విన్నావా, మన చిన్నీ నా పనిలోకి వచ్చింది" అని చెప్పుకున్నాను కూడా. ఈ ముక్క మీ అమ్మ చెవిన వేయకు.

సిమెంటు కంపెనీ యాడ్‌లో మనిషి తొడుక్కునే సూటు కోసమని నువ్వు పంపిన ఖడ్గమృగం డ్రాయింగ్ ఫోన్‌లో పెద్దది చేసి చేసి చూశాను. గీత బాగుంది. నాలుగేళ్ళు గేమ్స్ కంపెనీలో రాక్షసుల్ని చెక్కిన చెయ్యి అని తెలుస్తోంది. కానీ రెండు కొమ్ములు పెట్టావేంటే? మన దేశపు ఖడ్గమృగానికి ఒకటే కొమ్ము. రెండుండేవి ఆఫ్రికావి, సుమత్రాది. సిమెంటు వాళ్ళు రెండే కావాలన్నారంటే సరే, డబ్బులు వాళ్ళవి. నువ్వే ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి వేశావంటే మాత్రం తప్పు. బహదూర్‌పురా జూకి వెళ్ళి ఒక పూట దాని ముందు కూర్చో. మన దాని చర్మం మడతలు కవచం పలకల్లా ఉంటాయి, భుజం మీదా తొడ మీదా బొడిపెలు. అది నడిచేటప్పుడు ఏ మడత ఏ మడత కిందికి వెళ్తుందో చూడు. ఫోమ్ కోసేది అక్కడే మరి.

డబ్బు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. అడ్వాన్సు చేతికి రాకుండా మెటీరియల్ కొనకు. ఎన్ని మార్పులకి ఒప్పుకున్నావో రాయించుకో. కత్తి చేసినా గద చేసినా మూడు చెయ్యి: క్లోజప్‌కి ఒకటి, ఫైట్‌కి రబ్బరుది ఒకటి, విరిగిపోతే ఇంకోటి. యాడ్ వాళ్ళు పని తొందరగా అడుగుతారు, చెక్కు మాత్రం నిదానంగా ఇస్తారు. అంతే.

కెమికల్స్ దగ్గర మాత్రం నీ ఇష్టం కాదు. ఫైబర్ పనిలో రెజిన్‌లో ముందు కోబాల్ట్ (తొందరగా గట్టిపడేట్టు చేసే మందు) కలిపి, అది పూర్తిగా కలిసిపోయాకే హార్డ్‌నర్ పొయ్యాలి. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. రెండు డబ్బాలూ ఒకే అరలో పెట్టొద్దు, రెండింటికీ ఒకటే మగ్గు వాడొద్దు. మీ ముగ్గురిలో ఎవరైనా టీ తాగుతూ మాట్లాడుతూ కలపడం కనిపిస్తే చెయ్యి మీద ఒక్కటెయ్యి. థర్మకోల్ చెక్కి దాని మీద నేరుగా రెజిన్ పూయకు, కరిగి గుంట పడుతుంది. ప్లాటినం సిలికాన్, అదే ఆ రబ్బరులా గట్టిపడేది, వాడతానన్నావు, అవి మా రోజుల్లో లేవు. కానీ గంధకం ఉన్న క్లే మీద పోస్తే అది గట్టిపడక జిగటగా ఉండిపోతుందని నా దగ్గర పని నేర్చుకున్నవాడు ఒకడు ఏడ్చాడు. కొనేటప్పుడే అడుగు.

మాస్కు. గుడ్డ మాస్కు కాదు, రెండు పక్కలా ఆవిరి వడకట్టే కార్ట్రిడ్జ్‌లు ఉండేది. కిటికీ లేని షెడ్డయితే ఆ షెడ్డే వద్దు. నలభై ఏళ్ళు రెజిన్ పీల్చాను. ఇప్పుడు మీ పెద్దమ్మమ్మ చారులో ఇంగువ పోపు పెడితే చప్పుడు వినిపిస్తుంది తప్ప వాసన తెలియదు. డాక్టరు వయసు అంటాడు. నేను రెజిన్ అంటాను.

ఇక అసలు విషయం. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

1988, మే నెల. నేను మద్రాసులోనే ఉన్నాను అప్పటికి. తెనాలిలో మా నాన్న దగ్గర విగ్రహాల పని నేర్చుకుని, వడపళనిలో ఒక మౌల్డింగ్ మాస్టర్ కింద పదేళ్ళు చేసి, కొత్తగా సొంతంగా పనులు ఒప్పుకుంటున్న రోజులు. నీలాగే అన్నమాట. ఒక జానపద సినిమాకి ఎలుగుబంటి కావాలన్నారు, హీరోతో కుస్తీ పట్టాలి. వండలూరు జూకి మూడు సార్లు వెళ్ళాను. మన ఎలుగుబంటికి ముట్టె తెల్లగా ఉంటుంది, ఛాతీ మీద వి ఆకారంలో తెల్ల చార, గోళ్ళు నా వేళ్ళంత పొడుగు. ఇవన్నీ దింపాను. గోనెగుడ్డ మీద స్పాంజి అతికించి, దాని మీద నల్ల నైలాన్ బొచ్చు వరస వరసగా కుట్టి, తల విడిగా ఫైబర్‌లో పోసి చేశాను. తలతో కలిపి ఇరవై రెండు కిలోలు. మా మాస్టర్ వచ్చి చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, "కళ్ళు బతికున్నాయిరా" అన్నాడు. ఆయన నోటి నుంచి మంచి మాట రావడం అదే మొదలు. వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

ఆయన ఇంకో మాట కూడా అడిగాడు, "విప్పేది ఎలారా?" అని. వెనకాల జిప్పుందన్నాను. "లోపలోడు విప్పుకోగలడా?" అన్నాడు. ఆయన చాదస్తం అనుకున్నాను.

షూటింగ్ తలకోన అడవిలో. లోపల ఉండేది ఫైటర్, నెల్లూరు వైపు కుర్రాడు, ఇరవై మూడేళ్ళుంటాయి, కొత్తగా పెళ్ళయింది. మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు కుస్తీలో వీపు కెమెరా వైపు తిరుగుతోంది, జిప్పు కనిపిస్తోందన్నారు. ఎవరన్నారనేది వదిలెయ్. చేసింది మాత్రం నేను. దబ్బనం తీసుకుని పురికొసతో ఆ జిప్పు మీద బొచ్చుని కలిపి కుట్టేశాను. తల ఊగుతోందన్నారు, మెడ దగ్గర మూడు స్క్రూలు బిగించాను. ఆ కుర్రాడు లోపల్నుంచి ఏదో అన్నాడు, "ఒక్క షాటే తమ్ముడూ" అన్నాను.

ఒక్క షాటు ఎప్పుడైనా ఒక్క షాటవుతుందా? అది ఏడు టేకులైంది. ఎండ చెట్ల మధ్య నుంచి నిలువుగా పడుతోంది, ఆ పైన రిఫ్లెక్టర్లు. ఏడో టేకులో ఎలుగుబంటి రెండు చేతులూ పైకెత్తి ఊపడం మొదలుపెట్టింది. తూలింది, మోకాళ్ళ మీద పడింది, మళ్ళీ చేతులెత్తింది. ఎంత బాగా చేస్తున్నాడో అనుకున్నాను నేను. యూనిట్ చప్పట్లు కొట్టింది చిన్నీ. నేనూ కొట్టాను.

అది బోర్లా పడి కదలకపోతే అప్పుడు పరిగెత్తాను. జిప్పు కుట్టేసి ఉంది. స్క్రూడ్రైవర్ పైన వ్యాన్‌లో ఉంది. నా చేతులు వణుకుతున్నాయి, పురికొస గోళ్ళతో లాగుతుంటే గోళ్ళు లేచొస్తున్నాయి తప్ప అది తెగడం లేదు. చివరికి బోండాలు కొట్టే ముసలాయన కత్తి పట్టుకొచ్చి, నన్ను పక్కకి నెట్టి, పొట్ట మీద నిలువునా చీల్చాడు. లోపల్నుంచి ఆవిరి వచ్చింది. అన్నం గిన్నె మూత తీస్తే వస్తుందే, అలాగ. కుర్రాడి మొహం ఎర్రగా లేదు, తెల్లగా ఉంది, చెమట కూడా ఆగిపోయింది. తడిగుడ్డలు కప్పి, కిందికి దింపి, సెలైన్ ఎక్కిస్తే సాయంత్రానికి కళ్ళు తెరిచాడు.

మూడోరోజు మళ్ళీ వచ్చాడు. రాకపోతే పేమెంట్ ఇవ్వరు కదా. నా మీద అరవలేదు. "అన్నా, జిప్పు ముందుకి పెట్టు, లోపల్నుంచి అందేట్టు పెట్టు" అన్నాడు, అంతే. ఛాతీ మీద ఆ తెల్ల చార ఉంది చూడు, దాని పక్కనే జిప్పు పెట్టి పైన బొచ్చు మడత వేశాను. కెమెరాకి ఒక్కసారి కూడా కనిపించలేదు. మొదటిరోజే ఆ పని చేసి ఉండొచ్చు. నా బొమ్మ వీపు అందంగా ఉండాలని చూసుకున్నాను గానీ అందులో ఒకడు ఊపిరి పీలుస్తున్నాడన్నది నా లెక్కలో లేదు.

అందుకే నీ డ్రాయింగ్ చూడగానే కొమ్ముల కంటే ముందు నా కళ్ళు వెతుక్కున్నది లోపలి మనిషి కోసం. నిలబడి నడిచే ఖడ్గమృగం అన్నావు, ఏడడుగులు అన్నావు. అయిదడుగుల ఆరంగుళాల మనిషి తల దాని మెడలోకి వస్తుంది. మరి వాడు ఎక్కడి నుంచి చూస్తాడు? నోట్లోంచా? గొంతు మడతలోంచా? అక్కడ నల్ల నెట్ గుడ్డ పెట్టాలి, ఎక్కడో గీసి చూపించు. ప్రతి డ్రాయింగ్‌లోనూ జంతువు లోపల మనిషిని ఎర్ర పెన్‌తో గియ్యి. బరువు భుజాల మీద కాకుండా నడుం బెల్టు మీద పడాలి. తలలో చిన్న ఫ్యాన్, అది గాలిని బయటికి లాగేదో లోపలికి తోసేదో నువ్వే ఒక గంట పెట్టుకుని చూడు. అవును, నువ్వే. నువ్వు ఇరవై నిమిషాలు లోపల ఉండలేనిది ఇంకొకడికి తొడగకు.

ఇప్పుడంతా సీజీ కదా తాతయ్యా అంటావు, తెలుసు. 2001లో జంతువుల రూల్స్ వచ్చాక నిజం జంతువుని తేవాలంటే పర్మిషన్లు, ఎలుగుబంట్లూ పులులూ అసలు కుదరదు, కాబట్టి కంప్యూటరే దిక్కయింది, మంచిదే. కానీ నీకొచ్చిన మొదటి పనే తొడుక్కునేది! 1954లో జపాన్ వాళ్ళు గాడ్జిల్లాకి చేసిన మొదటి సూటు వంద కిలోలకి దగ్గరట, లోపలున్న ఆయన నాలుగడుగులు వెయ్యడమే గగనమైందట, మళ్ళీ తేలికైనది చేశారు. 'జురాసిక్ పార్క్'లో ఆ పెద్ద డైనోసార్ బొమ్మ వానలో తడిసేసరికి చర్మం నీళ్ళు పీల్చుకుని, బరువెక్కి వణికిందట, టవళ్ళతో తుడిచి ఆరబెట్టుకున్నారు. అంత డబ్బున్నవాళ్ళకే తప్పలేదు. నీ యాడ్‌లో వాన ఉందా? ఉంటే ఫోమ్ మీద పూత లేకుండా పంపకు.

ఇంకోటి, సైగ. రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడంటే కట్. డైరెక్టర్ కట్ చెప్పేదాకా ఆగొద్దు, నువ్వే లోపలికి పరిగెత్తు. ఈ మాట షూటింగ్ మొదలయ్యే ముందు అందరి ముందూ, లైట్ బాయ్‌లతో సహా, గట్టిగా చెప్పు. నిన్ను చూసి చిన్నపిల్ల అనుకుంటారు, నవ్వుతారు. నవ్వనీ. షాటు పాడైందని ఎవడైనా అరిస్తే నా నంబరివ్వు.

తిట్టినట్టున్నాను. చిన్నప్పుడు మా ఇంటికొచ్చి, పీవోపీ పిండిలో చేతులు పెట్టి, తెల్ల చేతులతో గోడంతా ముద్రలు వేసి వెళ్ళావు. గోడకి రెండుసార్లు సున్నం వేయించాం గానీ, బీరువా వెనకాల ఒక ముద్రకి వెయ్యనివ్వలేదు నేను. ఇప్పటికీ ఉంది. పిడికిలంత లేదు.

వీలైనప్పుడు చేర్యాల వెళ్ళిరా, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపి వాళ్ళు చేసే మాస్కులు చేత్తో పట్టుకుని చూడు. ఎంత తేలికో.

రేపు బస్సు పార్సిల్‌లో ఒక కత్తెర పంపుతున్నాను. మొన మొద్దుగా ఉంటుంది, లోపలి ఒంటికి గుచ్చుకోదు, పురికొస అయినా నైలాన్ అయినా తెంపేస్తుంది. తలకోన నుంచి వచ్చిన వారానికి కొన్నాను, రిటైరయ్యేదాకా ప్రతి షూటింగ్‌లోనూ నా జేబులోనే ఉంది. దాన్ని టూల్ బాక్స్‌లో పడెయ్యకు. నీ జేబులో పెట్టుకో. జీన్స్ జేబులో పట్టదంటే మెడకి తాడు కట్టుకుని వేలాడేసుకో.

జిప్పు ఎక్కడ పెడుతున్నావో గీసి ఆదివారంలోపు పంపు. మీ అమ్మకి నేను సర్దిచెప్తాను.

పెద్దతాతయ్య