నేటివిటీ కుదిరిందని సర్టిఫికెట్ ఇచ్చే ముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన సినిమా రివ్యూలు మూడూ చదివాను. చెయ్యి తిరుగుతోంది, వాక్యం ఎక్కడా తడబడటం లేదు, ఆ విషయంలో నీకు దిగులక్కర్లేదు. ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది మాత్రం రెండో రివ్యూలో ఉన్న ఒక వాక్యం. "సీమ మట్టిలోనే పగ ఉంది, దర్శకుడు ఆ నేటివిటీని అద్భుతంగా పట్టుకున్నాడు" అన్నావు. అంత మాట అంత తేలిగ్గా ఎలా రాయగలిగావా అని నిన్నటి నుంచి అదే మెదులుతోంది.

నీది కాకినాడ అనీ, చదువంతా హైదరాబాదులోననీ మెయిల్లో చెప్పావు. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు వైపు ఏ పల్లెలోనైనా ఒక్క రాత్రి ఉన్నావా? తిరుమల దర్శనానికి వెళ్లొచ్చిన సంగతి కాదు నేనడిగేది. ఉండకపోతే నేరమేమీ కాదులే. అయితే చూడని ఊరిని తెరమీద చూసి, అచ్చం అలాగే ఉందని ఎలా తేల్చావు? దేంతో పోల్చి చూసుకున్నావు? అంతకు ముందు వచ్చిన సీమ సినిమాలతో పోల్చుకున్నావు, నీ దగ్గర ఇంకో ఆధారం లేదు. ఒక సినిమా చెప్పినదానికి ఇంకో సినిమాను సాక్ష్యం తెచ్చి, కింద నీ సంతకం పెట్టావు.

నేను ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది ఈ సంతకం గురించే. సినిమావాళ్లు మూస పాత్రలు రాస్తారు, డబ్బు కోసం రాస్తారు, బద్ధకం వల్ల రాస్తారు, అది వాళ్ల వ్యాపారం. ప్రేక్షకుడికీ ఆ సంగతి కొంత తెలుసు, హీరో తొడ కొడితే రైలు వెనక్కి పోతుందని ఎవరూ నమ్మరు. కానీ చదువుకున్న మనిషి ఒకడు పేపర్లోనో వెబ్‌సైట్‌లోనో "నేటివిటీ బాగా కుదిరింది", "ఆ ప్రాంతపు మనుషుల్ని కళ్లకు కట్టాడు" అని రాశాడంటే, అప్పటిదాకా కాలక్షేపంగా ఉన్నది సమాచారమై కూర్చుంటుంది. కల్పించింది దర్శకుడే, దాన్ని నిజం ఖాతాలో జమ వేసింది మాత్రం మనం. అందుకే సినిమా తీసినవాడి కంటే దాన్ని మెచ్చుకుంటూ రాసినవాడి మీదే నాకు కోపం ఎక్కువ.

1997లో ప్రేమించుకుందాం రా వచ్చింది. 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి వచ్చాక సీమ ఫ్యాక్షన్ సినిమాలు ఇక ఆగలేదు, 2002లో ఒక్క ఏడాదిలోనే ఆది, ఇంద్ర రెండూ చూశాం. అవి ఆడటం మీద నాకు పేచీ లేదు. సమరసింహారెడ్డి, ఇంద్ర తీసిన బి.గోపాల్ ఒక సీను పండిస్తే థియేటర్ ఎలా ఊగిపోయేదో ఆ జనం మధ్య కూర్చుని చూసినవాణ్ణి. అప్పట్లో హైదరాబాదులో ఒక సినిమా వారపత్రికలో పనిచేసేవాణ్ణి. ప్రూఫులు దిద్దే బల్ల దగ్గర్నుంచి రివ్యూలు రాసే బల్ల దాకా రావడానికే నాకు ఏళ్లు పట్టింది. అలాంటి సినిమా ఒకటి రిలీజైనప్పుడు మా ఎడిటర్‌కు నాది అనంతపురం జిల్లా అని గుర్తొచ్చింది. "మీ సీమ సినిమాయే కదా, నువ్వే రాయి, లోకల్ ఫ్లేవర్ ఉంటుంది" అన్నాడు. రాశాను. పాటలు బాగున్నాయన్నాను, ఇంటర్వెల్ సీను బాగుందన్నాను. దాంతోపాటు, రెండున్నర గంటల్లో ఒక్క మనిషి కూడా వాన గురించి గానీ బోరు గురించి గానీ మాట్లాడని పల్లె సీమలో నాకు తెలిసి ఎక్కడా లేదని కూడా రాశాను. మా జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేదు. శెనక్కాయ చేలో ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తే, పొద్దున్నే చేలోకి పోయి, ఒక చెట్టు పెరికి, వేళ్లు దులిపి చూసి, గట్టు మీద పెట్టేసి, ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా ఇంటికొచ్చే మనుషుల మధ్య పెరిగాను నేను. వాళ్లలో ఒక్కడు కూడా ఆ సినిమాలో లేడని రాశాను.

ఆ పేరా మొత్తం కొట్టేశారు. దాని చోట "సీమ పౌరుషం తెర నిండా ఉట్టిపడింది" అని చేర్చి, కింద నా పేరు అలాగే ఉంచారు. మా నాయన ఆ పత్రికను బస్టాండు దగ్గర టీ అంగట్లో చదివాడు. కొడుకు పేరు అచ్చులో చూసి మురిసిపోయి ఉంటాడనుకుని ఫోన్ చేస్తే, ఆయన ఒకటే అడిగాడు: "మనమెప్పుడు ఇట్ల ఉండినాం నాయనా?" నేనేం చెప్పాలి? ఆ ఎడిటర్ తర్వాత చాలా పెద్ద కుర్చీల్లో కూర్చున్నాడు, సినిమా జర్నలిజం మీద పిల్లలకు పాఠాలు కూడా చెప్పాడు. ఆ ఒక్క వాక్యానికి మాత్రం నేను ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ రోజుల్లోనే ఇల్లు అద్దెకు వెతుక్కుంటుంటే, ఒక ఇంటాయన అన్నీ మాట్లాడుకుని అడ్వాన్సు దాకా వచ్చి, అప్పుడు ఏ ఊరని అడిగాడు. చెప్పగానే "మీ వైపు గొడవలెక్కువ కదండీ" అంటూ తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు. ఆయన మా ఊరు ఎన్నడూ చూడలేదు. సినిమాలు చూశాడు, వాటి మీద మన రాతలు చదివాడు. "ఎంతైనా సినిమా రివ్యూనే కదా సార్" అని నువ్వు మెయిల్ చివర్లో అన్న మాట అందుకే నాకు మింగుడుపడలేదు.

ఇంకో సంగతి చెప్తాను. మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డిది కడప జిల్లా. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. ఆ రెండు సినిమాలకూ చక్రపాణితో కలిసి డబ్బు పెట్టిన నాగిరెడ్డి, బి.ఎన్.కు సొంత తమ్ముడు. తెలుగు సినిమా అంటే ఇదీ అని మనం తలెత్తుకుని చూపించే సినిమాల్లో ఇవి ముందు వరుసలో ఉంటాయి. మాయాబజార్ 1957లో వచ్చింది, ఇప్పటికీ దాని మీద రాస్తూనే ఉన్నారు. నేను చదివినంతలో ఒక్కరు కూడా ఇది సీమవాడి హాస్యం, ఇది సీమవాడి సున్నితత్వం అనలేదు. అనమని కూడా నేను అడగను. కానీ నవ్వించి, ఏడిపించి, మనసు నింపే సినిమా అయితే అది తెలుగువాళ్లందరిదీ, కత్తి కనిపిస్తే మాత్రం అది సీమది, ఈ వాటాలు వేసిందెవరు? మనలాంటి రాసేవాళ్లే.

ఫ్యాక్షన్ అబద్ధమని నేననడం లేదు. కొన్ని పల్లెల్లో తరాలే నాశనమయ్యాయి. మగవాళ్లు జైల్లోనో పరారీలోనో ఉంటే పొలాలు బీళ్లు పడ్డాయి, ఆడవాళ్లు ఒక్కళ్లే పిల్లల్ని సాకారు. కానీ దానికి కారణం మట్టి కాదు. పంచాయతీ ఎవరి చేతిలో ఉండాలి, సారా పాట ఎవరు పాడాలి, కాంట్రాక్టు ఎవరికి దక్కాలి, ఓట్లు ఎవరి చెప్పుచేతల్లో ఉండాలి, గొడవంతా అక్కడుంది. సీమ ముఠాల గురించీ సీమ నీళ్ల గురించీ హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ విడమరిచి రాశాడు, తెప్పించుకుని చదువు. అది చదివి వెళ్తే అదే ఫ్యాక్షన్ సినిమా నీకు వేరేగా కనిపిస్తుంది. సుమోల్లోంచి దిగి, హీరో చేతిలో నరికించుకుని పడిపోయే ఆ ఇరవై మందికీ పేర్లెందుకు లేవు? వాళ్లు ఎవరి దగ్గర కూలికి ఉన్నారు? హీరో తాత పోతే ఊరంతా ఏడుస్తుంది, వీళ్ల ఇళ్లకు కెమెరా ఎందుకు పోదు? ఇలా అడిగితే అది విమర్శ. మట్టిలోనే పగ ఉందంటే, ఇంకా పుట్టని పిల్లాడి మీద కూడా కేసు రాసిపెట్టినట్టే.

యాస గురించీ రాశావు, హీరో "సీమ యాస ఇరగదీశాడు" అని. ఏ సీమ యాస? మా అనంతపురం మాటలో కన్నడం కలుస్తుంది, చిత్తూరులో అరవం కలుస్తుంది, కడప మాటా కర్నూలు మాటా ఒకటి కాదు. ఆ సినిమా నేనూ చూశాను. హీరో "వస్తాండా, పోతాండా" అంటాడు. కన్నతల్లేమో "వస్తున్నాను బాబూ" అంటుంది. చెల్లెలు టీవీ యాంకర్‌లా మాట్లాడుతుంది. మిగిలిన యాసంతా పనివాళ్లకూ రౌడీలకూ పంచిపెట్టారు. ఒకే ఇంట్లో ఇన్ని రకాల తెలుగు ఎలా వచ్చిందన్నది నీ చెవికి తగల్లేదా? తెలంగాణ మాటకు ఇంతకన్నా ఘోరం జరిగింది. 1985లో ప్రతిఘటనలో కోట శ్రీనివాసరావు ఆ మాటను ఎంత గొప్పగా పలికాడో, నటుడిగా ఆయనకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ తర్వాత దశాబ్దాల పాటు పెద్ద సినిమాల్లో ఆ మాట ఎక్కువగా విలన్‌కో కమెడియన్‌కో దక్కింది. నర్సింగరావు తీసిన దాసి లాంటి తెలంగాణ సినిమాలు ఎక్కడో పక్కన ఉండిపోయాయి. ఫిదాలో హీరోయిన్ నోట ఆ మాట హాయిగా వినపడేసరికి 2017, ఒక ఇంట్లో వాళ్లంతా అదే మాట్లాడుకునే బలగం అంత పెద్ద హిట్టయ్యేసరికి 2023. అన్నేళ్లూ రివ్యూలు ఏం చేశాయి తమ్ముడూ? "కామెడీ ట్రాక్ బాగా పేలింది" అని రాసుకుంటూ పోయాయి.

అలాగని ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లే తీయాలి, వాళ్లే రాయాలి అనే రకం కాదు నేను. తెలంగాణ రైతాంగ పోరాటం మీద మా భూమి తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ. ఎక్కడివాడైతేనేం, వచ్చి, జనం మధ్య ఉండి తీశాడు.

తెలియని చోటును తన కొలతతో తేల్చేసే ఈ జబ్బు మనకొక్కరికే లేదు. సత్యజిత్ రాయ్ బెంగాలీ సినిమా పథేర్ పాంచాలీ కాన్ చిత్రోత్సవంలో బహుమతి తెచ్చుకున్నాక కూడా, 1958లో న్యూయార్క్‌లో రిలీజైతే, న్యూయార్క్ టైమ్స్‌లో బాస్లీ క్రౌథర్ అనే పెద్ద విమర్శకుడు, అంత వదులు అల్లిక ఉన్న సినిమా హాలీవుడ్ ఎడిటర్ల దగ్గర రఫ్ కట్ (తొలి ముతక కూర్పు) కింద కూడా కష్టమే అన్నాడు. అందులో కదిలించే గుణం ఉందని కూడా ఒప్పుకున్నాడు, కానీ కొలబద్ద మాత్రం తన ఊరిదే. 2023లో నాటు నాటుకు ఆస్కార్ వచ్చినప్పుడు బయటి దేశాల్లో ఎంతోమంది ఆర్ఆర్ఆర్‌ను బాలీవుడ్ సినిమా అనేశారు. ఇది బాలీవుడ్ కాదు, తెలుగు సినిమా అని ఆస్కార్‌కు ముందే రాజమౌళి అమెరికాలో స్వయంగా చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పుడు నీకూ మండే ఉంటుంది. మా ఊళ్లో సినిమా పేజీ చదివే పిల్లలకు ఆ మంట కొత్త కాదు.

మూడో రివ్యూలో "ఇదే కథ మలయాళంలో అయితే సహజంగా తీసేవాళ్లు" అన్నావు. పొగడ్తే, కానీ జబ్బు అదే. హీరో పులితో తలపడే మాస్ సినిమా పులిమురుగన్‌కు 2016లో విరగబడి వెళ్లింది కూడా మలయాళీలే. ఇక "బి, సి సెంటర్ల ఆడియన్స్‌కు ఎక్కుతుంది" అన్న మాట నీ మూడు రివ్యూల్లోనూ ఉంది. ఎవరు వాళ్లు? ఎప్పుడైనా వాళ్ల పక్క సీట్లో కూర్చున్నావా? నీకు ఎక్కిందో లేదో చెప్పు, వాళ్ల తరఫున నువ్వు మాట్లాడకు.

ప్రెస్ షో పాసుల గురించి అడిగావు. టికెట్ కొనుక్కుని వెళ్లమనే చెప్తాను నేను. అమెరికా ప్రీమియర్ అయ్యీ అవకముందే ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, చివర్లో రేటింగ్ 2.75 అని తెల్లారేలోగా పెట్టేసే పద్ధతి వచ్చాక రివ్యూకు ఆలోచించే టైమే లేకుండా పోయింది. గంటలో వెయ్యి మాటలు రాయాలంటే ఎవరైనా చేతికందిన మాటే వాడతారు, చేతికందేదేమో "సీమ పౌరుషం", "తెలంగాణ అమాయకత్వం", "గోదావరి వెటకారం". ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకున్న సైట్లను నేను చదవడం ఎప్పుడో మానేశాను, వాటిలో చేరాలని నువ్వు అంత టెన్షన్ పడుతున్నావంటే బాధేసింది.

నీ రెండో రివ్యూలోనే ఒక చోట, చనిపోయిన డ్రైవర్ భార్య పెద్దింటి గేటు బయట చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిందని రాశావు. సగం వాక్యం రాసి వదిలేశావు. ఆ సినిమా మీద వచ్చిన రివ్యూలన్నీ చూశాను, ఆ షాట్‌ను పట్టుకున్నది నువ్వొక్కడివే. ఆమె చెప్పులు ఎందుకు విప్పింది? ఆ ఇంటి ముందు ఇంకెవరు విప్పుతారు, ఎవరు విప్పరు? ఆమె లోపలికి పోయిందా, లేక అక్కణ్ణుంచే పంపించేశారా? దర్శకుడు కావాలనే పెట్టాడా, జూనియర్ ఆర్టిస్టు తన ఊరి అలవాటు కొద్దీ చేస్తే కెమెరాలో పడిందా? దాని వెనక వచ్చే సీన్లో హీరో ఏం మాట్లాడాడు, ఆమె ఊసు ఎత్తాడా? సినిమా ఇంకా ఆడుతుంటే ఈ వారంలోనే వెళ్లి మళ్లీ చూడు. ఆ షాట్ దగ్గర మొదలుపెట్టి మొత్తం రివ్యూ కొత్తగా రాయి, రేటింగ్ వేయొద్దు. సంక్రాంతి దాకా నేను ఊళ్లోనే ఉంటాను, ఇక్కడ సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఫోన్ కాకుండా మెయిలే పెట్టు.

ఉంటాను,
మీ అన్న