చేతులు కడగమంటే ఉరికే పిల్లలకు పసుపు ఆట ఆడిపియ్యండి

మూడు నాలుగేళ్ల పిల్లలకు చేతులు కడుక్కునుడు, పళ్లు తోముకునుడు ఆటలతోటి ఎట్ల నేర్పాలె అని అడిగిండ్రు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. నేనైతే ఒక్కటే చెప్త, ఆటల పెద్దరికం పిల్లలకే ఇయ్యాలె. మనం టీచరై వాళ్లను కూసోబెడితే అది ఆట కాదు, క్లాసే. గోడకు చార్టు అంటించి స్టార్లు పెట్టుడు అస్సలు పనికిరాదు, స్టారు ఆగిన రోజే అలవాటు కూడ ఆగిపోతది.

పోయిన బతుకమ్మకు మా అత్తమ్మ గౌరమ్మను చేస్తుంటే నా బిడ్డ పోయి ఆ పసుపు ముద్దల రెండు చేతులూ పెట్టింది. కడుక్కో పో అంటే గోలెం కాడ నీళ్లల్ల ముంచి, అయిపోయిందని ఉరికొచ్చింది. అత్తమ్మ ఏమీ కోపం చెయ్యలే, చెయ్యి పట్టుకొని తిప్పి చూపెట్టింది. అరచెయ్యి మంచిగనే ఉంది గానీ వేళ్ల సందులల్ల, గోర్ల కింద, బొటనవేలు చుట్టూత పచ్చపచ్చగ అట్లనే ఉంది. "పసుపు దాక్కున్నది బిడ్డా, నువ్వే దొంగవు, పోయి పట్టుకో" అన్నది. ఇగ చూడాలె, సబ్బు తీసుకొని ఒక్కో వేలు పక్కకు జరిపి రుద్దుకుంట, దొరికినప్పుడల్లా "నాయనమ్మా, దొరికింది!" అని ఒకటే అరుపులు. అప్పటిసంది పసుపుల చుక్క కొబ్బరినూనె కలిపి చేతులకు రాస్తున్నం, నూనె ఉంటే ఉత్త నీళ్లకు పోదు, సబ్బు ఎందుకో పిల్లకు వేరేగ చెప్పే పనే ఉండదు. కొద్దిగ పచ్చదనం మిగుల్తది, దానికేం కాదు. డాక్టర్లు 20 సెకన్లు రుద్దాలంటరు, దానికి సెకన్లేం తెలుసు, బతుకమ్మ పాట రెండు చరణాలు పాడుకుంట రుద్దుతది.

ఇప్పుడు అన్నం ముందు అందరి చేతులు చెకింగ్ చేసేది అదే. మా మామ పత్తి చేన్ల నుంచి వస్తే "తాతా, గోర్లల్ల మన్నుంది, మళ్ల కడుక్కో" అని వెనుకకు తోలుతది. ఆయన "సరే దొరసానీ" అని లేసి పోతడు. ఊర్ల ఎవ్వరి మాటా వినని మనిషి.

ఒక బడిల అక్టోబర్ 15న చేతులు కడిగే దినం అని బ్యానర్ కట్టి, పిల్లలను లైన్ల నిలబెట్టి ఫొటోలు దిగిండ్రు, తెల్లారి నల్లా కాడ సబ్బు ముక్క లేదు. నల్లా కూడ పెద్దోళ్ల ఎత్తుల ఉంది, చిన్నోళ్లకు అందదు. సబ్బు, నీళ్లు చేతికందకపోతే ఏ ఆటైనా ఎన్ని రోజులు నడుస్తది చెప్పండి?

పళ్ల సంగతి మాకు ఇంకా పెద్దది. లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మా దిక్కు బోర్లల్ల అంతకు మించే ఉండె. ఆ నీళ్లు తాగి పళ్లు గారబట్టినోళ్లను, కాళ్లు వంకరపోయినోళ్లను చూసుకుంటనే పెరిగినం. మిషన్ భగీరథ కింద సర్కారు నల్లా నీళ్లొచ్చినంక నయం. కానీ తియ్యటి పేస్టు పిల్లలు మింగుతరు, పేస్టుల కూడ ఫ్లోరైడే ఉంటది, ఎనిమిదేళ్ల దాక లోపల పళ్లు తయారైతనే ఉంటయి కాబట్టి ఎక్కువ మింగితే మచ్చలు పడుతయి. టీవీ యాడ్లల్ల బ్రష్ నిండా పేస్టు పెట్టి చూపెడుతరు, ఆ యాడ్లు చేసేటోళ్లను నాలుగు తిట్టాలనిపిస్తది. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాక బఠానీ గింజంత చాలు. మింగకుండ మేం ఉమ్ముడు పందెం పెట్టుకుంటం, ఎవరిది దూరం పడుతదో అని, వాకిట్ల జామచెట్టు కాడ. ఆరేడేళ్లొచ్చేదాక పిల్లల చేతికి ఆ పట్టు రాదు, రాత్రిపూట మనమే ఒకసారి తోమాలె. నోరు తెరవనని మొండికేస్తే బ్రష్ దాని చేతికే ఇయ్యండి. మా ఇంట్లయితే ముందు నా పళ్లు అది తోముతది, తర్వాత దాని పళ్లు నేను తోముత.