నా సహాధ్యాయి, అతని నాదస్వరం

కళాశాలలో పరిచయమైన స్నేహితుల్లో నిజమైన ప్రతిభావంతుడని మీరు ఎవరిని అంటారు, ఎందుకు అని అడిగారు. నాకు ఆలోచించుకోవలసిన పని లేదు. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో కామర్స్ తరగతిలో నా పక్కన కూర్చున్న కుర్రవాడు, చిలకలూరిపేట ప్రాంతంలో తాతల కాలం నుంచి గుడిమేళం వాయిస్తున్న ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు, నాకు తెలిసిన సంగీతజ్ఞులందరిలో గొప్పవాడు. ఈ మాట స్నేహం కొద్దీ అంటున్నది కాదు. పేరున్న కచేరీలు చాలా విన్న తరువాత కూడా నా అభిప్రాయం మారలేదు.

మొదట్లో అతను సన్నాయి వాయిస్తాడని తరగతిలో ఎవరికీ తెలియదు. హాస్టల్ గదిలో ఊదితే పక్క గదుల వాళ్లు ఊరుకోరు కనుక తెల్లవారకముందే ఊరి బయట కాలువ గట్టుకు వెళ్లి సాధన చేసి, తలస్నానం చేసి తరగతికి వచ్చేవాడు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. వాద్యానికి దారంతో కట్టిన పీకల్లోంచి (నోట్లో పెట్టి ఊదే చిన్న రెల్లు ముక్కలు) ఒకటి తీసి, నోట్లో నానబెట్టి, సూదితో దాని నోరు సరిచేసి, పలికించి చూసి, నచ్చక మరొకటి తీసుకొన్నాడు. నాదస్వరానికి వేళ్లతో మూసే రంధ్రాలు ఏడే. స్వరాన్ని ఊపి, వంచి పలికించే గమకాలన్నీ ఊపిరి ఒత్తిడితోనూ, పెదవి పట్టుతోనూ, రంధ్రాన్ని సగం మూసి సగం తెరిచే నేర్పుతోనూ పుట్టవలసిందే. అంత మొండి వాద్యం మీద అతను పలికించిన తోడి రాగపు గాంధార స్వరం విన్నప్పుడు, మనిషి గొంతు కూడా ఇంతకంటే మెత్తగా వంగదనిపించింది.

అయితే అతని ప్రతిభ ఏమిటో నాకు పూర్తిగా అర్థమైంది ఒక పెళ్లిలో. మా తరగతి మిత్రుడి అక్కగారి పెళ్లి, చీరాల దగ్గర పల్లెటూరు, రాత్రి ముహూర్తం. మేళం మా వాడి తండ్రిగారిదే. ఎదురు సన్నాహం అయిపోయి అందరూ కబుర్లలో ఉండగా తండ్రీ కొడుకులు కల్యాణి రాగం మొదలుపెట్టారు. పెళ్లికూతురి మేనమామగారు లేచి వచ్చి, ‘ఆ సాగదీతలు మాకెందుకు బాబూ, ఏదైనా మంచి సినిమా పాట వాయించండి’ అని, పాట పేరు కూడా తానే చెప్పారు. తండ్రిగారి ముఖం చిన్నబోయింది. మావాడు మాత్రం, ‘అలాగేనండీ’ అని వెంటనే ఎత్తుకొన్నాడు.

ఆ పాట మోహన రాగంలో కట్టినది. పల్లవిని అందరికీ తెలిసినట్టే, సొంతంగా ఒక్క మెరుగు కూడా కలపకుండా వాయించాడు. కుర్రకారు గొంతు కలిపారు. రెండోసారి పల్లవి పంచమం మీద వాలే చోట అతను అక్కడే ఆగిపోయాడు. ఆ స్వరాన్ని విడవకుండా నిలిపి, ధైవతాన్ని తాకి వెనక్కి వచ్చి, మళ్లీ తాకి, పై షడ్జానికి ఎక్కే దారి చూపించి ఎక్కకుండా గాంధారానికి దిగాడు. డోలు వాయించే పెద్దాయన సంగతి గ్రహించి చేయి ఆపేశారు. తండ్రిగారు తన వాద్యంలో ఆధార షడ్జం ఒక్కటే పట్టుకొని కూర్చున్నారు. మధ్యమమూ నిషాదమూ లేని ఆ అయిదు స్వరాలతోనే ఆలాపన పెరుగుతూ పోయింది. పాడుతున్న కుర్రవాళ్లు ఎప్పుడు పాట మానేశారో నేను గమనించలేదు. వంటల దగ్గరి నుంచి ఇద్దరు గరిటెలతోనే వచ్చి పందిరి రాట పక్కన నిలబడ్డారు. ఆ తరువాత అదే మోహన రాగంలోని త్యాగరాజ స్వామి ‘నను పాలింప నడచి వచ్చితివో’ కృతి అందుకొన్నాడు. త్యాగరాజు గారి కుమార్తె పెళ్లికి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ శ్రీరాముడి చిత్రపటాన్ని మోసుకొంటూ కాలినడకన వచ్చాడనీ, దాన్ని చూసి ఆయన ఈ కృతి పాడారనీ సంప్రదాయంలో చెబుతారు. పెళ్లి పందిట్లో వాయించడానికి అంతకన్నా తగిన కీర్తన ఏముంటుంది? ఆ క్షణంలో అది తోచడమే నా దృష్టిలో ప్రతిభ.

కీర్తన ముగిశాక మేనమామగారే దగ్గరికి వచ్చి, ‘ఆ సినిమా పాట ఇంత పెద్దదా? నేనెప్పుడూ పూర్తిగా వినలేదే!’ అన్నారు. మావాడు నమస్కారం పెట్టి, ‘ఆ పాటను ఒకసారి పుట్టింటికి తీసుకువెళ్లానండీ’ అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. వినే వారిని చిన్నబుచ్చకుండా, వారికి తెలిసిన చోట చేయి పట్టుకొని తెలియని చోటికి నడిపించడం ఎంత సాధనకైనా అందుతుందని నేను అనుకోను. ఈ రోజుల్లో మెరుపు వేగంతో స్వరాలు కురిపించేవారిని మేధావులంటున్నారు. వేగం అభ్యాసంతో ఎవరికైనా వస్తుంది.

ఇంతటి విద్వాంసుడిని మా కళాశాల ఉత్సవాల్లో ఒక్కసారి కూడా వేదిక ఎక్కించలేదు. వాద్య సంగీతమంటే వారికి గిటారు, కీబోర్డు మాత్రమే. సన్నాయి అంటే ముఖ్య అతిథి కారు దిగేటప్పుడు గేటు దగ్గర మోగవలసినది. అదే ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు తమిళనాడులోని శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ నుంచి సంగీత కళానిధి బిరుదు అందుకొన్నారు. మన నేలలో మొలిచిన విద్యకు కావేరి ఒడ్డున దొరికిన ఆదరణ మన దగ్గర ఎందుకు దొరకలేదని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇప్పుడైతే కొన్ని మండపాల్లో జీలకర్ర బెల్లం వేళకు పెన్‌డ్రైవ్‌లోంచి గట్టిమేళం వేస్తున్నారు. తాళి కట్టే క్షణాన్ని పురోహితుడి కనుసైగతో పట్టుకొని డోలు అందుకొనే మనిషికి ఆ యంత్రం ఎలా సమానమవుతుంది?

నా మిత్రుడు ఈనాటికీ మేళం వదలలేదు. నాదస్వరాల తయారీకి పేరున్న తమిళనాడులోని నరసింగంపేటలో చేయించిన వాద్యం మీదే వాయిస్తాడు. ఇంటి దగ్గర పిల్లలకు ఉచితంగా నేర్పి, వారిలో పట్టున్నవారిని తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వర పాఠశాలకు పంపుతున్నాడు. నేను మాత్రం పెళ్లి కుదిరిన బంధువులందరికీ ముందుగా మేళం మాట్లాడుకోమనీ, విందుకు ముందు ఒక గంట కేవలం వినడానికి కేటాయించమనీ చెబుతూ వస్తున్నాను. మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లిలో అలాగే చేశారు. మైకులు ఆపు చేయించి, అతిథులను చాపల మీద కూర్చోబెట్టి, అతని చేత ఖరహరప్రియ రాగం తీరికగా వాయింపజేశారు. భోజనాలు ఆలస్యమైనందుకు ఎవరూ అడగలేదు.