లివర్‌లో ఇమ్యూనిటీ పెంచే క్యాప్సూల్స్ వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. బరువు 84 కిలోలు. హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్-2 అని వచ్చింది. లివర్ ఎంజైములు ఎస్జీపీటీ 72, ఎస్జీఓటీ 48, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. షుగర్ బోర్డర్‌లో ఉంది. మద్యం అలవాటు లేదు. లివర్‌లోని రోగనిరోధక కణాలు నీరసించడం వల్లే ఇలా అయిందని, వాటిని పెంచే క్యాప్సూల్స్ వాడమని తెలిసినవాళ్లు చెప్పారు. రిపోర్టులు వచ్చాక మొదలుపెట్టి నెల రోజులుగా వాడుతున్నాను. నిజంగా లివర్‌లో అలాంటి కణాలుంటాయా? వాటిని పెంచుకుంటే మంచిదేనా?

జవాబు: ఆ కణాలుండటం నిజమే. క్యాప్సూల్‌తో వాటిని బాగుచేయొచ్చన్నది మాత్రం నిజం కాదు. మీ లివర్‌లో పాడవుతున్నది ముందు ఆ కణాలు కాదు, అవి కాపురముండే చోటు.

వాటిని కుఫ్ఫర్ కణాలంటారు. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ విల్హెల్మ్ వాన్ కుఫ్ఫర్ పేరే వీటికి వచ్చింది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కే చేరుతుంది. లివర్‌కు అందే రక్తంలో సుమారు నాలుగింట మూడు వంతులు ఇదే. అందులో పోషకాలతో పాటు బ్యాక్టీరియా తునకలూ ఉంటాయి. ఆ రక్తం లివర్‌లోని సన్నని రక్తనాళాల్లో నెమ్మదిగా పారుతుంటే, కుఫ్ఫర్ కణం గోడకు అతుక్కుని కూర్చుని, అటుగా వచ్చిన బ్యాక్టీరియానూ ముసలి ఎర్ర రక్తకణాలనూ పట్టి మింగేస్తుంది. పేగుల నుంచి వచ్చే ప్రతి తునకకూ రెచ్చిపోతే రోజంతా వాపే కాబట్టి, చాలావాటిని గొడవ చేయకుండానే శుభ్రం చేస్తుంది. ఆ ఓర్పు దానికి ఎక్కడిది?

నాకు బాగా నచ్చే విషయం ఇదే. కుఫ్ఫర్ కణం పూర్తిగా రక్తంలోనే ఉండదు. గోడలోని సందుల్లోంచి చేతుల్లాంటి కొమ్మలు చాచి, అవతలున్న స్టెల్లేట్ కణాలనూ (లివర్ దెబ్బతిన్నప్పుడు మచ్చ కట్టేవి ఇవే) లివర్ కణాలనూ తాకుతూ ఉంటుంది. ఎలుకల్లో కుఫ్ఫర్ కణాలను తొలగిస్తే, ఎముక మజ్జలో పుట్టిన మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు రక్తంలోంచి వచ్చి ఆ ఖాళీల్లో కుదురుకున్నాయి. కొద్ది రోజుల్లోనే అవీ కుఫ్ఫర్ కణాల్లా మారిపోయాయి. గోడ కణాలు, స్టెల్లేట్ కణాలు, లివర్ కణాలు కలిసి ఇచ్చే సంకేతాలే వాటిని అలా మలిచాయని 2019లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటాం కదా, ఇక్కడ ఆరు నెలలు కూడా పట్టలేదు!

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. కొవ్వు పేరుకుని లివర్ కణాలు ఉబ్బి, దెబ్బతినడం మొదలైతే ఇరుగుపొరుగు ఇచ్చే సంకేతాలే మారిపోతాయి. వాపు దశకు చేరాక పాత కుఫ్ఫర్ కణాలు కొన్ని చనిపోతాయి. వాటి బదులు వచ్చిన కొత్త కణాలకు పాత పాఠం సరిగా అందదు. కొన్ని వాపును పెంచుతాయి, కొన్ని స్టెల్లేట్ కణాలను రెచ్చగొట్టి మచ్చ కట్టిస్తాయి. అలాగని కొత్తవన్నీ చెడ్డవి కావు. చచ్చిన కణాలనూ కొవ్వునూ ఎత్తిపోసేవీ వాటిలో ఉన్నాయి. అందుకే గంపగుత్తగా పెంచడమూ, అణచడమూ రెండూ తప్పే. మోనోసైట్లు లివర్‌లోకి రాకుండా ఆపేందుకు సెనిక్రివిరోక్ అనే మందును పెద్ద ఎత్తున పరీక్షించి, ప్రయోజనం కనబడక 2021లో ఆపేశారు. అంత గురిపెట్టి తయారుచేసిన మందే ఫలితమివ్వనప్పుడు, లోపల ఏముందో తెలియని క్యాప్సూల్ మీద ఆశ పెట్టుకోకండి.

మరి చోటును బాగుచేసేదెలా? బరువుతో. మీ బరువులో 5 శాతం, అంటే 4 కిలోల పైచిలుకు తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 7 నుంచి 10 శాతం, అంటే 6 నుంచి 8 కిలోలు తగ్గితే చాలామందిలో వాపు కూడా దిగుతుంది. వారానికి కిలోకు మించి తగ్గకండి, మరీ వేగంగా చిక్కితే లివర్ మీద ఒత్తిడి పెరుగుతుంది. తీపి పానీయాలు పూర్తిగా మానండి. వారంలో కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా నడవండి. బరువు తగ్గకపోయినా వ్యాయామం వల్ల లివర్‌లో కొవ్వు కొంత తగ్గుతుంది. మద్యం అలవాటు లేకపోవడం మీకు పెద్ద మేలు, అలాగే ఉండండి.

గ్రేడ్-2 అన్న మాటకు భయపడకండి. అది కొవ్వు ఎంతుందో చెబుతుంది కానీ, మచ్చ ఎంతుందో చెప్పదు. మీ వయసు, మీరిచ్చిన అంకెలతో మచ్చను అంచనా వేసే ఫిబ్-4 లెక్క వేశాను, సుమారు 1.0 వచ్చింది. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. షుగర్ బోర్డర్‌లో ఉంది కాబట్టి ఏడాది, రెండేళ్లకోసారి ఈ లెక్క మళ్లీ చూడాలి. హెపటైటిస్-బి, సి పరీక్షలు ఒక్కసారైనా చేయించుకోండి.

క్యాప్సూల్స్ ఈరోజే ఆపేయండి. ఇలాంటి ఉత్పత్తులతో లివర్ దెబ్బతిని వచ్చినవాళ్లను డాక్టర్లు తరచూ చూస్తుంటారు. మీ రిపోర్టు వాటికి ముందుది కాబట్టి, ఈ వారంలోనే లివర్ ఫంక్షన్ టెస్ట్ మళ్లీ చేయించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పుట్టినా రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ క్యాప్సూల్స్ డబ్బా వెంట తీసుకెళ్లండి.